మడిలో నీరు, మెతుకులో లోహం

నాట్లు వేసి నెలన్నర దాటిన మడిలోంచి ఒక వరి దుబ్బును బురదతో సహా పెళ్ళగించి, వేళ్ళు కడిగి చూడండి. కొత్తగా పుట్టిన పిల్లవేళ్ళు తెల్లగానే ఉంటాయి గానీ, ముదురు వేళ్ళకు ఇటుకరంగు పూత పట్టి ఉంటుంది. గోటితో గీకితే రాలుతుంది. అది తుప్పే, ఇనుప ఆక్సైడే. దుబ్బు లేచిన చోట మట్టి చూస్తే పైన పలుచగా గోధుమరంగు పొర, దాని కింద నల్లటి బురద. చెయ్యి పెట్టి కెలికితే బుడగలు, కుళ్ళిన కోడిగుడ్డు కంపు. వ్యవసాయం చేసేవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. కానీ మన కంచంలోకి వచ్చే అన్నంలో జింకు ఎంత ఉంటుందో, ఆర్సెనిక్ ఎంత చేరుతుందో, కాడ్మియం లోపలికి వస్తుందో రాదో చాలామటుకు తేలిపోయేది ఆ బురదలోనే. మిల్లు, వంటిల్లు తరవాతి సంగతి.

దమ్ము చేసి నీరు నిలగట్టిన మడిలో జరిగేది ఇది. గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు మెల్లగా కదులుతుంది. మట్టిలో ఉన్న కాస్త ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు కొద్దిరోజుల్లోనే తినేస్తాయి. అది అయిపోయాక ఊపిరి ఆపుకుని కూర్చోవు కదా. నైట్రేటుతో, మాంగనీసుతో, ఆ తరవాత ఇనుముతో, చివరికి సల్ఫేటుతో పని జరుపుకుంటాయి. ఎర్రటి ఇనుప ఆక్సైడు ఆ క్రమంలో కరిగి నీటిలో కలిసిపోతుంది. సల్ఫేటు కాస్తా సల్ఫైడుగా మారుతుంది. నలుపూ కంపూ అక్కడివే. ఈ బురదలో బతకడానికి వరికి ఒక ఏర్పాటుంది. కాండంలో, వేళ్ళలో గాలి గొట్టాల్లాంటి ఖాళీలుంటాయి. ఆకుల నుంచి దిగివచ్చిన ఆక్సిజన్ వేరు చర్మం గుండా కొంచెం బయటికి కారుతుంది. కరిగిన ఇనుము ఆ ఆక్సిజన్ తగలగానే మళ్ళీ తుప్పుగా మారి వేరుకే అంటుకుంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఆర్సెనిక్ మామూలుగా ఇనుప ఆక్సైడుకు అతుక్కుని ఉంటుంది. నీరు నిలిస్తే ఆ ఇనుము కరుగుతుంది, ఆర్సెనిక్ విడుదలవుతుంది. కాడ్మియం సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. నీరు నిలిస్తే అది సల్ఫైడుతో కలిసి కరగని ముద్దగా బిగుసుకుపోతుంది, నీరు తీసేసి మడి ఆరితే మళ్ళీ కరుగుతుంది. ఆ ముద్దలోకే మనకు కావలసిన జింకు కూడా పోతుంది. అంటే ఒకే మడవ తీసినా, కట్టినా, ఒక విషం తగ్గి ఇంకో విషం పెరుగుతుంది. పోషకం కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. బియ్యంలో లోహాల గురించి వచ్చే హెచ్చరికలన్నీ ఒక్కో లోహాన్ని విడదీసి మాట్లాడతాయి. నా ఫిర్యాదు అక్కడే. పొలంలో అవి విడివిడిగా ఉండవు.

ఆర్సెనిక్ అచ్చంగా లోహం కాదు, అర్ధలోహం. అయినా భారలోహాల జాబితాలో దాన్ని కలిపేయడం రివాజు. గోధుమ, బార్లీ గింజలతో పోలిస్తే వరిలో అది పది రెట్ల వరకు ఎక్కువ. నిలవనీటితో పాటు దీనికి ఇంకో కారణం ఉందని జపాన్‌లోని ఒకాయామా విశ్వవిద్యాలయంలో జియాన్ ఫెంగ్ మా బృందం తేల్చింది. వరికి సిలికా ఆకలి చాలా ఎక్కువ. ఎండిన గడ్డి బరువులో పదో వంతు దాకా సిలికా ఉండొచ్చు. వరి ఆకు చేతిని గీరడం, కాండం నిటారుగా నిలవడం, దోమకూ అగ్గితెగులుకూ కాస్త తట్టుకోవడం అంతా దాని చలవే. ఆ సిలికాను లోపలికి తీసుకునే ప్రోటీన్ ద్వారాలు వేరులో రెండున్నాయి: ఎల్ఎస్ఐ-1, ఎల్ఎస్ఐ-2. మొదటిదాన్ని 2006లో, రెండోదాన్ని 2007లో గుర్తించారు. నిలవనీటి మట్టిలో ఆర్సెనిక్ తీసుకునే రూపం, సిలికా కరిగిన రూపం పరిమాణంలో దగ్గర దగ్గరగా ఉంటాయి, రెండింటికీ విద్యుదావేశం ఉండదు. సినిమాహాలు గేటు దగ్గర టికెట్టు చూస్తారు గానీ మనిషి మంచివాడా కాదా అని అడగరు. ఆర్సెనిక్ దగ్గర ఆ టికెట్టు ఉంది. సిలికా దారిలోనే అదీ లోపలికి పోతోందని 2008లో బయటపడింది.

దీని నుంచి ఒక ఉపాయం పుట్టింది. ద్వారం దగ్గర సిలికాను గుంపుగా నిలబెడితే ఆర్సెనిక్‌కు చోటు తగ్గుతుంది. ధాన్యం బరువులో అయిదో వంతు ఊకే, ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే. ఊకనో దాని బూడిదనో మడిలో వేసిన ప్రయోగాల్లో గింజలో ఆర్సెనిక్ తగ్గింది. మన దగ్గర ఊక మిల్లు బాయిలర్లోకి, ఇటుక బట్టీలోకి పోతుంది. పొలం నుంచి ఏటా అంత సిలికా తరలిపోతున్నా ఎరువుల లెక్కలో దాని ఊసే ఉండదు.

ఆర్సెనిక్ కథ మన దేశంలో బెంగాల్ నుంచి మొదలవుతుంది. 1983లో కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో చర్మవైద్యుడు కె.సి. సాహా దగ్గరికి పల్లెల నుంచి కొందరు రోగులు వచ్చారు. ఒంటిమీద వానచినుకుల్లా మచ్చలు, అరచేతులూ అరికాళ్ళూ మొద్దుబారి కాయలు. అది బోరునీటిలోని ఆర్సెనిక్ అని ఆయన పట్టుకున్నాడు. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రులో ఇనుముకు అంటుకుని వేల ఏళ్ళుగా ఉన్నదే అది. చెరువునీరు తాగి కలరా తెచ్చుకోవద్దని ఊరూరా వేసిన చేతిపంపులు ఆ పొరల్లోకే దిగాయి. తాగునీటి సంగతి అందరికీ తెలిసింది. వరి సంగతి ఆలస్యంగా తెలిసింది. ఎండాకాలపు బోరో వరికి నీరంతా బోర్లదే. ఆ నీటితో ఏటా కొంత ఆర్సెనిక్ మడిలో దిగి, పైమట్టిలో పేరుకుంటుంది.

ఎంత చేరితే ప్రమాదం? కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం 2014లో పాలిష్ బియ్యానికి కిలోకు 0.2 మి.గ్రా. అకర్బన ఆర్సెనిక్ అని హద్దు గీసింది. అకర్బనమే అసలు విషం. చర్మానికి, ఊపిరితిత్తులకు, మూత్రాశయానికి కేన్సర్ తెచ్చేది అదే. ఈ హద్దు మీద చిన్న లెక్క వేసి చూడండి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. సరిగ్గా ఆ పరిమితి దగ్గరున్న నీటిని రోజుకు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి చేరేది 20 మైక్రోగ్రాములు. సరిగ్గా హద్దు దగ్గరున్న బియ్యం రోజుకు 400 గ్రాములు వండుకు తింటే చేరేది 80. రెండూ చట్టబద్ధమే. రోజుకు రెండు చెంచాల బియ్యం తినేవాళ్ళకు, మూడు పూటలా అన్నమే తినేవాళ్ళకు ఒకే గీత గీస్తే ఇలాంటి చోద్యాలే జరుగుతాయి. ఐరోపా సమాఖ్య 2023లో తన హద్దును 0.15కు దించింది. శిశువుల ఆహారానికి వాడే బియ్యానికి అంతకు ముందు నుంచే 0.10.

ఇది చదివి కోనసీమ బియ్యాన్ని అనుమానంగా చూడక్కర్లేదు. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు దక్కను రాళ్ళది, హిమాలయాలది కాదు. బెంగాల్ స్థాయి ఆర్సెనిక్ మన డెల్టాల్లో లేదు. డెల్టా వరికి నీరు కూడా ఎక్కువగా కాలువలది. మనకు భయపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి, అవి పరిశ్రమల మురుగు కలిసేవి: పటాన్‌చెరు దగ్గర నక్కవాగు, హైదరాబాద్ దిగువన మూసీ, కాటేదాన్ పారిశ్రామికవాడ చుట్టుపక్కల. కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం లాంటివి మోతాదు మించాయని ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు ఏనాడో చూపించారు. సీసం విషయంలో వరి కొంత నయం. వేరు దాటి అది పైకి పెద్దగా రాదు. ధూళిగా ఆకుకూరల మీద పడే సీసమే ఎక్కువ ఇబ్బంది.

కాడ్మియం అలా కాదు. దాన్ని ఒంటికి పట్టించుకుని వరి ఎంత దూరం తీసుకెళ్ళగలదో జపాన్ చూపించింది. తొయామా ప్రాంతంలో జింజూ నది ఉంది. ఎగువన కమియోకా గని, జింకు, సీసం తవ్వేది. జింకు ఖనిజం ఉన్నచోట కాడ్మియం ఉంటుంది, రసాయనికంగా అవి అన్నదమ్ములు. గని మురుగు నదిలో, నది నీరు మళ్ళలో. ఆ బియ్యం తిన్నవాళ్ళలో మూత్రపిండాలు దెబ్బతిని, ఎముకలు మెత్తబడి, దగ్గినా పక్కటెముక విరిగే పరిస్థితి వచ్చింది. నొప్పితో అరిచే అరుపే జబ్బుకు పేరైంది: ఇటాయ్ ఇటాయ్. స్థానిక వైద్యుడు నొబోరు హగినో గనినే వేలెత్తి చూపాడు. 1968లో ప్రభుత్వం దాన్ని కాలుష్య వ్యాధిగా ఒప్పుకుంది. పాడైన మళ్ళలో దాదాపు 860 హెక్టార్ల మట్టిని బాగుచేయడం 2012 దాకా సాగింది. 2013లో చైనాలో ఇంకో కలకలం. గ్వాంగ్‌జౌ అధికారులు పరీక్షించిన 18 నమూనాల్లో 8 నమూనాలు కాడ్మియం పరిమితి దాటాయి. హునాన్ బియ్యం పేరు చెబితే జనం భయపడ్డారు.

ఇటాయ్ ఇటాయ్ బాధితుల్లో ఎక్కువమంది నడివయసు దాటిన ఆడవాళ్ళు, చాలామంది పిల్లల్ని కన్నవాళ్ళు. ఇది కాకతాళీయం కాదు. కాడ్మియాన్ని వరి వేరు లోపలికి లాగేది ఎన్‌రాంప్-5 అనే ప్రోటీన్. నిజానికి అది మాంగనీసు కోసం ఉన్నది. మన చిన్నపేగు గోడలో ఇనుము పీల్చుకునే ప్రోటీన్‌ను డీఎంటీ-1 అంటారు. దీని పాత పేరు ఎన్‌రాంప్-2. రెండూ ఒకే కుటుంబం. వరి వేరులోనూ మన పేగులోనూ ఒకే వంశపు ద్వారపాలకులు! పేగులోవాడూ కాడ్మియాన్ని పోల్చుకోలేడు. పైగా ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు పేగు ఈ ద్వారాలను ఇంకా ఎక్కువ తెరుస్తుంది. రక్తహీనత ఉన్న స్త్రీ, లేని స్త్రీ ఒకే కుండలో అన్నం తిన్నా, మొదటామె ఒంటికి ఎక్కువ కాడ్మియం పడుతుంది. బియ్యంలో ఇనుమూ జింకూ ఎటూ తక్కువ కాబట్టి, అదే కాడ్మియం వేరే పంటలో ఉన్నదానికన్నా వరిలో ఉంటేనే ఎక్కువ హాని అని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త రూఫస్ చేనీ ఏళ్ళ తరబడి వాదించాడు. ఆ వాదన నాకు సబబుగానే తోస్తుంది. దాన్ని మన దగ్గర పెట్టి చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇక్కడ బియ్యంలో కాడ్మియం తక్కువే కావచ్చు. తలుపులు మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి.

జపాన్ రైతు ఏం చేశాడంటే, వెన్ను బయటికి వచ్చే సమయానికి మూడు వారాల ముందు నుంచి మూడు వారాల తరవాత దాకా మడిలో నీరు తగ్గకుండా చూసుకున్నాడు. గింజలోకి కాడ్మియం ఎక్కువగా చేరేది అప్పుడే గనక. కాడ్మియం తగ్గింది. ఆర్సెనిక్ పెరిగింది! బెంగాల్లో, బంగ్లాదేశ్‌లో సలహా ఇందుకు విరుద్ధం: ఒక తడికీ ఇంకో తడికీ మధ్య మడిని ఆరనివ్వండి. మడిలో చిల్లుల గొట్టం పాతి, అందులో నీటిమట్టం నేల కిందికి జానెడు దిగాకే మళ్ళీ నీరు పెట్టమంటారు. నీరు ఆదా, మీథేన్ తగ్గుతుంది, ఆర్సెనిక్ తగ్గుతుంది. మనకు ఇది కొత్త కాదు. 2003లో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, ముఖ్యంగా అప్పటి విస్తరణ సంచాలకుడు ఆలపాటి సత్యనారాయణ, ఊరూరా తిప్పిన శ్రీ వరిలో ఇదే సూత్రం. అప్పుడు చెప్పిన కారణాలు నీటి పొదుపు, విత్తన పొదుపు, దిగుబడి. గింజలోని లోహాల మాట ఎవరూ ఎత్తలేదు. గని మురుగో, ఫ్యాక్టరీ మురుగో కలిసిన నేలలో మాత్రం మడి ఆరబెట్టే ముందు మట్టి పరీక్ష చేయించాలి, ఎందుకంటే అక్కడ ఇదే పద్ధతి కాడ్మియాన్ని తట్టి లేపుతుంది.

నీటితో తెగని తగువును విత్తనంతో తెంపాలని 2012లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రయత్నించారు. తమ దేశపు పేరున్న కొషిహికారి రకం విత్తనాల మీద కార్బన్ అయాన్ పుంజం పడేలా చేసి, ఎన్‌రాంప్-5 పనిచేయని మొక్కలను ఏరారు. గింజలో కాడ్మియం దాదాపు లేనట్టే. అలాంటి జన్యువునే ఎక్కించిన అకితకొమాచి-ఆర్ అనే రకానికి అకితా ప్రాంతం 2025 నుంచి మారింది. పాత గనులున్న ప్రాంతం కాబట్టి అవసరం అలాంటిది. కానీ ఆ ద్వారం మాంగనీసుది కదా, మొక్కలో మాంగనీసు కూడా తగ్గింది. మాంగనీసు తగ్గితే గోధుమమచ్చ తెగులుకు మొక్క త్వరగా లొంగిపోతుంది. రేడియేషన్ బియ్యం అని అక్కడి వినియోగదారుల్లో కొందరు గగ్గోలు పెట్టారు. అయాన్ పుంజం పడ్డది ఎన్నో తరాల కిందటి విత్తనం మీద. ఇప్పుడు వండుకునే గింజలో రేడియేషన్ ఉండదు. మొక్కకు మాంగనీసు చాలుతుందా అని అడిగి ఉంటే అది అర్థవంతమైన ప్రశ్న అయ్యేది.

ఇక జింకు. మన రాష్ట్రాలకు ఇదే అసలు కథ అని నా అభిప్రాయం. విషం ఎక్కువై కాదు, పోషకం తక్కువై వచ్చే బాధ ఇక్కడ పెద్దది.

నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ముదురు ఆకుల మీద తుప్పురంగు మచ్చలు, మధ్య ఈనె పాలిపోవడం, మొక్క గిడసబారి పిలకలు వేయకపోవడం. ఆకును వంచితే పెళుసుగా చిటుక్కున విరుగుతుంది. రైతులు చూడగానే జింకు లోపం అంటారు. కానీ అరవై ఏళ్ళ కిందట ఇది తెగులనే అనుకున్నారు. ఉత్తరాది తరాయి నేలల్లో దీన్ని ఖైరా తెగులు అనేవాళ్ళు. 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నేనె అది శిలీంధ్రం పని కాదు, జింకు లేకపోవడం అని తేల్చాడు. తరవాత ఆయన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఉన్నతపదవిలో పనిచేసి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డాడు. దేశంలో పరీక్షించిన మట్టి నమూనాల్లో మూడో వంతుకు పైగా జింకు లోపమే కనిపించింది. మన దగ్గర సిఫార్సు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు, మూడు పంటలకోసారి, దమ్ములో. భాస్వరం ఎరువుతో కలిపి వేయొద్దని కూడా చెబుతారు. కలిపితే రెండూ కరగని ముద్దవుతాయి. పంట కళ్ళముందు పండుబారితే రైతు జింకు వేస్తాడు, మొక్క తేరుకుంటుంది, దిగుబడి వస్తుంది. ఆ చాలినంత జింకులో గింజకు ఎంత పోయిందన్నది ఎవరి లెక్కలోనూ లేదు. చవక జింకు సల్ఫేటుతో ఇంకో తిరకాసుంది. కల్తీ అయితే దాంతో పాటు కాడ్మియం, సీసం కూడా పొలంలోకి దిగుతాయి. ఎరువుల నియంత్రణ నిబంధనల్లో ఆ రెండింటికీ పరిమితులు పెట్టింది అందుకే.

గింజలో జింకు తగ్గిపోతోందా? పశ్చిమ బెంగాల్‌లోని బిధాన్ చంద్ర కృషి విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దీన్ని చక్కగా పరీక్షించారు. 1960ల నుంచి దశకానికి ఒక తరం చొప్పున పేరున్న వరి వంగడాల విత్తనాలు సేకరించి, వాటిని ఒకేచోట, ఒకే తీరున పెంచారు. అప్పుడు నేలను గానీ ఎరువును గానీ తప్పుపట్టలేం, తేడా ఉంటే అది విత్తనానిదే. 1960ల రకాల గింజల్లో కిలోకు జింకు 27.1 మి.గ్రా., ఇనుము 59.8. 2000ల రకాల్లో 20.6, 43.1. ఆ మట్టిలో జింకు ఉంది, కానీ కొత్త రకాలు దాన్ని గింజ దాకా తీసుకెళ్ళడం తగ్గించాయి. దీనికి ఎవరినీ తిట్టలేం. ఆకలి రోజుల్లో వంగడాలను ఎంచిన కొలమానం ఎకరాకు ఎన్ని బస్తాలన్నదే. కొలవనిది జారిపోయింది.

పొలంలో గింజలోకి చేరినదంతా కంచానికి రాదు. మధ్యలో మిల్లుంది. ఇనుము ఎక్కువగా తవుడులో ఉంటుంది, పాలిష్‌తో పోతుంది. మిగిలేది కిలోకు అయిదు మి.గ్రా. కన్నా తక్కువ. జింకు లోపలి దాకా వ్యాపించి ఉంటుంది కాబట్టి కొంత నిలుస్తుంది. కాడ్మియమూ అంతే, పాలిష్ పట్టినా వదలదు. అకర్బన ఆర్సెనిక్ పైపొరలదే. అందుకే దంపుడు బియ్యంలో ఆర్సెనిక్ తెల్లబియ్యంలో కన్నా ఎక్కువ. ఆరోగ్యం కోసం మూడు రెట్లు ధర పెట్టి ముడిబియ్యం కొనేవాళ్ళకు ఈ మాట రుచించదు. పైగా తవుడులో ఫైటేటు ఉంటుంది. అది జింకును, ఇనుమును పట్టుకుని పేగులో వదలదు. జింకు లోపం మనుషులకూ వస్తుందని లోకానికి చెప్పిన ఆనంద ప్రసాద్ బీహార్‌లో పుట్టినవాడు. 1950ల చివర ఇరాన్‌లోని షిరాజ్‌లో ఎదుగుదల ఆగిపోయిన కుర్రాళ్ళను చూశాడు. వాళ్ళు తినేది పొట్టు తీయని గోధుమ రొట్టె. అందులో జింకు లేక కాదు, ఫైటేటు దాన్ని అందనివ్వక. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఫైటేటును తగ్గిస్తాయి. చద్దన్నానికీ, దోసెల పిండికీ ఉన్న గౌరవం ఊరికే రాలేదు.

మిల్లు పాపం కోస్తా వాళ్ళకు ఒకసారి బాగానే తగిలింది. గత శతాబ్దం తొలి సగంలో దేశంలో బెరిబెరి ఎక్కువగా కనిపించింది ఉత్తర సర్కారు జిల్లాల్లో. కారణం పచ్చి ధాన్యాన్ని మిల్లాడించి తెల్లగా తినడం. ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఆ జబ్బు లేదు. ధాన్యం ఉడికినప్పుడు బి1 విటమిన్ తవుడు నుంచి గింజ లోపలికి దిగుతుంది. కూనూరులోని పోషకాహార ప్రయోగశాలలో డబ్ల్యూ.ఆర్. ఐక్రాయిడ్ ఈ లెక్కంతా తేల్చాడు. 1918లో మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధనకే మొదలుపెట్టిన ఆ చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కు వచ్చి, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయింది.

వంటింట్లో రెండు దారులు మనకు ఎప్పటి నుంచో ఉన్నాయి: గంజి వార్చడం, అత్తెసరు పెట్టడం. ఎక్కువ ఎసరులో ఉడికించి వారిస్తే అకర్బన ఆర్సెనిక్‌లో 40 నుంచి 60 శాతం గంజితో పోతుందని అమెరికా ఎఫ్‌డీఏ పరీక్షల్లో తేలింది. బి విటమిన్లూ దాంతోనే పోతాయి. కుక్కర్ వచ్చాక మనమంతా అత్తెసరు బాట పట్టాం. విటమిన్లు మిగిలాయి, ఆర్సెనిక్ ఉంటే అదీ మిగిలింది. పూర్వం గంజి పారబోసేవాళ్ళు కాదు, ఉప్పేసుకుని తాగేవాళ్ళు, కాబట్టి లాభనష్టాలు రెండూ కడుపులోకే చేరేవి. బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో మధ్యేమార్గం చూపారు. ముందు మరిగే నీటిలో అయిదు నిమిషాలు ఉడికించి ఆ నీరు వంచేసి, మళ్ళీ కొత్త నీటితో అత్తెసరు పెట్టడం. తెల్లబియ్యంలో 74 శాతం, ముడిబియ్యంలో 54 శాతం ఆర్సెనిక్ పోయింది. అయితే వంట నీటిలోనే ఆర్సెనిక్ ఉంటే ఇదంతా బెడిసికొడుతుంది, అన్నం దాన్ని పీల్చుకుంటుంది.

ఈ వంట చిట్కా మన ఊళ్ళకన్నా డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న తెలుగు ఇళ్ళకే ఎక్కువ పనికొస్తుందేమో. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఒకప్పుడు పత్తి చేలలో ఆర్సెనిక్ మందులు చల్లారు. ఆ నేలల్లో తరవాత వరి వేశారు. కన్స్యూమర్ రిపోర్ట్స్ 2014 పరీక్షల్లో భారత్, పాకిస్తాన్, కాలిఫోర్నియా బాస్మతిలో ఆర్సెనిక్ మిగతా చాలా రకాల్లో సగమే ఉంది. పసిపిల్లల బియ్యపు సీరియల్‌కు ఎఫ్‌డీఏ 2020లో కిలోకు 0.1 మి.గ్రా. హద్దు పెట్టింది. ఆరునెలల బిడ్డకు రోజూ అదే పెట్టకుండా మధ్యమధ్య రాగిజావ పెడితే సరిపోతుంది. అమ్మమ్మలు చేసేది అదే.

తగ్గిన ఇనుమును బయటి నుంచి కలపడం ఇంకో దారి. రేషన్ బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కృత్రిమంగా తయారుచేసిన గింజలు కలపడం మొదలుపెట్టారు. కిలోకు 28 నుంచి 42.5 మి.గ్రా. ఇనుము, దానికి తోడు ఫోలిక్ ఆమ్లం, బి12. బియ్యం కడిగేటప్పుడు ఆ గింజలు కొన్ని తేలాయి. అంతే, ప్లాస్టిక్ బియ్యం అన్న పుకారు రెండు రాష్ట్రాలూ చుట్టేసింది. ఆ గింజలు బియ్యపు పిండితోనే చేస్తారని ముందే డీలరు దుకాణం గోడ మీద రాసి ఉంటే సగం గొడవ తగ్గేది.

ఇనుమును ఇలా కలపొచ్చు గానీ, జింకు విషయంలో విత్తనమే మేలు అనుకున్నవాళ్ళు ఉన్నారు. 2013లో బంగ్లాదేశ్ మొదటి అధిక జింకు వరిని వదిలింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ 2016లో డీఆర్ఆర్ ధాన్ 45ను, ఆ తరవాత 48, 49లను ఇచ్చింది. మామూలు రకాల పాలిష్ బియ్యంలో కిలోకు 12 నుంచి 16 మి.గ్రా. జింకు ఉంటే, 45లో 22కు పైగా ఉంటుంది. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే మనిషికి మామూలు బియ్యంతో వచ్చేది అయిదారు మి.గ్రా., దీంతో తొమ్మిదికి దగ్గర. మగవాళ్ళకు రోజుకు 17 మి.గ్రా. అవసరమని ఐసీఎంఆర్ లెక్క. సగమైనా బియ్యంతోనే తీరితే అది తక్కువేమీ కాదు.

అయినా సార్వాలో గానీ దాళ్వాలో గానీ ఈ రకాలు సాగయ్యేది కొద్ది పొలాల్లోనే. రైతు ఎందుకు వేయాలి? బాపట్లలో పుట్టిన సాంబమసూరికి సన్నగింజ చూసి వ్యాపారి ఎక్కువ ఇస్తాడు. తెలంగాణ ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇచ్చింది. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందా, తాలు ఎంత, రంగు మారిందా అని చూస్తారు, గింజ పొడవు వెడల్పులు కొలుస్తారు. జింకు కొలిచే యంత్రాలు పరిశోధన కేంద్రాల్లో ఉన్నాయి. గుప్పెడు బియ్యం పెడితే నిమిషాల్లో చెబుతాయి. కొనుగోలు కేంద్రానికి ఒకటి కాకపోయినా జిల్లాకు ఒకటి పెట్టి, ఎక్కువ జింకున్న ధాన్యానికి సన్నాల బోనస్‌లో సగమైనా ఇచ్చి, ఆ బియ్యాన్ని అంగన్‌వాడీకీ బడి భోజనానికీ పంపితే విత్తనం దానంతట అదే ఊళ్ళోకి వస్తుంది. మూసీ, నక్కవాగు ఆయకట్టుల ధాన్యంలో కాడ్మియం ఎంతుందో చూడటానికి కూడా ఇలాంటి ఏర్పాటే కావాలి.